28 డిగ్రీల దగ్గర కనిపించిన ఆ చిన్న పీక్‌ను ఏం చేయాలి?

ప్రశ్న

పేరు, ఊరు వేయవద్దని కోరుతూ ఒక పరిశోధక విద్యార్థిని సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. సీఎస్‌ఐఆర్‌-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ తెచ్చుకుని చేరారు. ఇప్పుడు అయిదో ఏడు నడుస్తోంది, ఫెలోషిప్ మరో ఏడు నెలల్లో ఆగిపోతుంది. ఆమె పనిచేసే పదార్థం బిస్మత్, ఇనుము, ఆక్సిజన్‌ల సమ్మేళనమైన బిస్మత్ ఫెర్రైట్. అందులో కొంత బిస్మత్ బదులు సమేరియం చేర్చితే అయస్కాంతత్వం బాగా పెరుగుతుందని అదే ల్యాబ్‌లో అంతకుముందు పనిచేసిన సీనియర్ ఒకరు పేపర్ ప్రచురించారు. ఆ ఫలితాన్ని ముందుకు తీసుకెళ్లడమే ఈమె థీసిస్.

సీనియర్ రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే శాంపిల్ చేస్తే అయస్కాంతత్వం సరిగ్గా అంతే, గ్రాముకు 0.6 ఈఎంయూ (అయస్కాంతత్వపు కొలమానం) దాకా వస్తోంది. అయితే పదార్థం లోపలి అమరికను చూపే ఎక్స్‌రే పరీక్ష (ఎక్స్‌ఆర్‌డీ) గ్రాఫులో 28 డిగ్రీల కోణం దగ్గర, ఉండకూడని చోట, ఒక చిన్న శిఖరం (పీక్) కూడా కనిపిస్తోంది. ఆమె పొడిని మరింత సేపు నూరి, దాన్ని బిళ్లగా నొక్కిన పెలెట్‌ను వేగంగా వేడిచేసి వెంటనే చల్లార్చే పద్ధతిలో మళ్లీ చేశారు. పీక్ పోయింది, దానితోపాటు అయస్కాంతత్వం కూడా ఆరో వంతుకు పడిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఇదే వరస. గైడుకు చూపిస్తే మొదట మెషీన్ దోషమన్నారు, తర్వాత "మీ సీనియర్‌కు వచ్చిన చెయ్యి నీకు రాలేదు" అన్నారు. చివరికి, "పాత పద్ధతిలోనే చేసి, 27కీ 29కీ మధ్య ఉన్న భాగాన్ని సాఫ్ట్‌వేర్‌లో స్మూత్ చేసి పంపించెయ్యమ్మా, అందరూ చేసేదే, నేను రిటైరయ్యేలోపు నీ సబ్‌మిషన్ అయిపోవాలి" అని తేల్చారు. ఆయన పదవీ విరమణకు పద్నాలుగు నెలలు ఉంది.

ఆయన చెడ్డవారు కాదని ఆమే రాశారు. ఫర్నేస్ హీటింగ్ ఎలిమెంట్ కాలిపోయి, విభాగంలో నిధులు లేవన్నప్పుడు సొంత డబ్బుతో తెప్పించారు. ఆమె తల్లి ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో హాజరు గురించి ఒక్క మాట అనలేదు. సీనియర్ అక్క కూడా అగేట్ మోర్టార్ పట్టుకోవడం దగ్గర నుంచి అన్నీ నేర్పిన మనిషి. ఆవిడ ఇప్పుడు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో ఆ పేపర్ బలం మీదే ఉద్యోగం చేస్తున్నారు. తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు, తమ్ముడు చదువుకుంటున్నాడు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. సార్ చెప్పినట్లు చేసేయాలా, గైడును మార్చుకోవాలా, ఫిర్యాదు చేస్తే అన్నం పెట్టిన చెయ్యిని నరికినట్లవుతుందా, అన్నీ వదిలేసి జూనియర్ కళాశాలలో చేరిపోవాలా అని అడుగుతూ, "అయిదేళ్లు నేను చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరేనా?" అని ఉత్తరం ముగించారు.

సమాధానం

మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా భయాలన్నీ దాని చుట్టూనే అల్లుకుని ఉన్నాయి. మీ పని వృథా కాలేదు. మీ ఉత్తరం చదువుతుంటే, మీరు ఒక ఫలితాన్ని పోగొట్టుకున్నానని రాస్తున్నారు గానీ, నాకు కనిపిస్తున్నది మీరు ఒక ఫలితాన్ని సాధించారన్న సంగతి. ఒకే పదార్థాన్ని రెండు పద్ధతుల్లో చేసి, శుద్ధత పెరిగినకొద్దీ అయస్కాంతత్వం తగ్గుతోందని మళ్లీ మళ్లీ చూపగలిగారు. అంటే మీ ల్యాబ్‌లో ఇంతకాలం కొలిచిన అయస్కాంతత్వంలో పెద్ద భాగం బిస్మత్ ఫెర్రైట్‌ది కాకపోవచ్చు. ఇది చేదుగా ఉండవచ్చు, కానీ భౌతికశాస్త్రంలో ఇది నిఖార్సైన పరిశీలన. మీరు రాయాలనుకున్న థీసిస్ రాయలేకపోవచ్చు. రాయదగిన థీసిస్ మాత్రం మీ నోట్‌బుక్‌లలో ఇప్పటికే సగానికి పైగా ఉంది.

మీ పదార్థం సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం, ఎందుకంటే గైడు గారితో మీరు జరపబోయే సంభాషణ బలమంతా ఇక్కడే ఉంది. బిస్మత్ ఫెర్రైట్‌ను శుద్ధంగా చేయడం కష్టమని ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు. వేడికి బిస్మత్ కొంత ఆవిరైపోతుంది, నిష్పత్తి తప్పుతుంది, ఇనుము ఎక్కువైన చోట ఒక రకం సమ్మేళనం, బిస్మత్ ఎక్కువైన చోట మరో రకం సమ్మేళనం పక్కనే పుడతాయి. 28 డిగ్రీల పరిసరాల్లో మీకు కనిపిస్తున్నది వీటిలో ఒకటే అయివుంటుంది. అయితే ఒక మెలిక ఉంది. ఈ రెండూ గది ఉష్ణోగ్రత వద్ద చెప్పుకోదగ్గ అయస్కాంతాలు కావు. కాబట్టి ఆ పీకే మీ 0.6 ఈఎంయూకు కారణమని రాస్తే పరీక్షకులు మిమ్మల్ని కూడా నిలదీస్తారు. ఆ పీక్ చెబుతున్నది చర్య పూర్తికాలేదని మాత్రమే. అసలు దోషి ఎక్స్‌ఆర్‌డీకి చిక్కనంత కొద్దిగా ఉండి, మాగ్నెటోమీటర్‌కు మాత్రం దొరికిపోయే ఇనుప ఆక్సైడ్ కావచ్చు. మాఘమైట్ అనే ఇనుప ఆక్సైడ్ గ్రాముకు సుమారు 76 ఈఎంయూ ఇస్తుంది. లెక్క వేసి చూడండి, మీ శాంపిల్‌లో నూటికి ఒక పాలు కన్నా తక్కువ ఉన్నా మీరు కొలిచిన మొత్తం అయస్కాంతత్వం వచ్చేస్తుంది. విభాగంలో ఉండే మామూలు ఎక్స్‌ఆర్‌డీ యంత్రం అంత కొద్ది పాలును పట్టుకోలేదు. అంటే గైడు గారు చెప్పినట్లు ఆ పీక్‌ను చెరిపేసినా అసలు ప్రశ్న చెరగదు, ఇంకా లోపల దాక్కుంటుంది.

ఈ పదార్థం విషయంలో మీరు మొదటివారూ కాదు. 2003లో బిస్మత్ ఫెర్రైట్ పల్చటి పొరల్లో ఎక్కువ అయస్కాంతత్వం ఉందని పేరున్న పత్రికలో వచ్చిన ఫలితాన్ని 2005లో ఇతర బృందాలు ప్రశ్నించాయి. ఆ పొరల్లో ఇనుప ఆక్సైడ్ మాలిన్యం కలిసి ఉండవచ్చన్న చర్చ అప్పుడే బలంగా జరిగింది. ఈమధ్య 2023 జూలైలో దక్షిణ కొరియా నుంచి ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రతలోనే నిరోధం లేకుండా కరెంటు పారే అతివాహకమని ప్రకటన వచ్చినప్పుడు జరిగిందీ ఇలాంటిదే. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా ఎన్నో చోట్ల శాంపిళ్లు చేసి చూశారు, అతివాహకత దొరకలేదు. నిరోధం హఠాత్తుగా పడిపోవడానికి కారణం, తయారీలో మిగిలిపోయిన కాపర్ సల్ఫైడ్ 104 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో తన నిర్మాణాన్ని మార్చుకోవడమని తేలింది. ఆ మాలిన్యాన్ని పట్టుకున్నవారి పేపర్లను ఎవరూ విఫల ప్రయోగాలని అనలేదు.

మీ అనుమానాన్ని తేల్చే ప్రయోగం ఒకటి ఉంది, మీరు దాని గురించి రాయలేదు కాబట్టి చెబుతున్నాను. బిస్మత్ ఫెర్రైట్ అయస్కాంత క్రమం సుమారు 370 డిగ్రీల సెల్సియస్ దగ్గర పోతుంది. సమేరియం చేరితే ఇది కాస్త అటూఇటూ జరుగుతుంది. మాగ్నటైట్ లాంటి ఇనుప ఆక్సైడ్ మాత్రం 585 డిగ్రీల దాకా అయస్కాంతంగానే ఉంటుంది. హై-టెంపరేచర్ ఓవెన్ ఉన్న వీఎస్‌ఎమ్ అనే మాగ్నెటోమీటర్‌లో రెండు పద్ధతుల శాంపిళ్లనూ పెట్టి, ఉష్ణోగ్రత పెంచుతూ అయస్కాంతత్వం కొలిపించండి. 370 దాటాక కూడా పాత పద్ధతి శాంపిల్‌లో అయస్కాంతత్వం మిగిలి ఉంటే, అది బిస్మత్ ఫెర్రైట్‌ది కాదని గ్రాఫే చెబుతుంది. అక్కడితో పడిపోతే మీ సీనియర్ ఫలితానికే బలం వస్తుంది. ఆ అవకాశాన్ని కూడా మనసులో ఉంచుకోండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. వాక్యూమ్‌లో వేడిచేస్తే కొలత జరుగుతుండగానే కొత్తగా మాగ్నటైట్ పుట్టే ప్రమాదం ఉంది, కాబట్టి వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ రెండు గ్రాఫులూ తీయించి, శుద్ధమైన శాంపిల్‌తో పోల్చాలి. ఇనుము ఏ రూపంలో ఉందో చెప్పే మోస్‌బవర్ పరీక్ష కూడా పనికొస్తుంది గానీ, నూటికి ఒక పాలు కన్నా తక్కువున్న ఆక్సైడ్‌ను పట్టడం దానికీ కష్టమే. అందువల్ల ముందు ఉష్ణోగ్రత కొలతే మేలు.

మీ విభాగంలో ఈ సౌకర్యం లేదని ఊహించగలను. ఎక్స్‌రే ట్యూబ్ పోతే ఏడాది పాటు కొత్తది రాని ల్యాబులు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అరుదేమీ కాదు, శాంపిళ్లను పొట్లాలు కట్టి కొరియర్‌లో పంపి నెలల తరబడి ఎదురుచూసే పిల్లల కష్టం చూస్తే బాధ కలుగుతుంది. ఆ కష్టమే చాలామందిని ఉన్న గ్రాఫుతో సర్దుకుపోయేలా చేస్తోందని నా నమ్మకం. అయినా దారులు ఉన్నాయి. ఇందోర్, ముంబై, కోల్‌కతాల్లో కేంద్రాలున్న యూజీసీ-డీఏఈ కన్సార్షియం విశ్వవిద్యాలయ పరిశోధకుల కోసమే ఏర్పడిన సంస్థ. ఇందోర్‌లోనే ఉన్న ఇండస్-2 సింక్రోట్రాన్ (చాలా తీక్షణమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) కాంతితో తీసిన ఎక్స్‌ఆర్‌డీలో, మీ యంత్రానికి కనపడని చిన్న పీకులు కూడా తేలే వీలుంది. ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ పరికరం ఏ సంస్థలో ఉందో, రుసుము ఎంతో చూసి బుక్ చేసుకోవచ్చు. దరఖాస్తుకు గైడు సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే మీ అసలు సమస్య మొదలవుతుంది కాబట్టి ఇప్పుడు దాని సంగతి చూద్దాం.

గైడు గారు చేయమన్నది ఏమిటో స్పష్టంగా విడదీసుకోవాలి. గ్రాఫులో బ్యాక్‌గ్రౌండ్ తీసివేయడం, మొత్తం గ్రాఫుకు ఒకే రకంగా స్మూతింగ్ వేసి ఆ మాట పేపర్‌లో రాయడం, ఫలానా డిగ్రీల నుంచి ఫలానా డిగ్రీల వరకే చూపిస్తున్నామని చెప్పి చూపడం, ఇవన్నీ అందరూ చేసేవే, ఇందులో తప్పు లేదు. ఆయన "అందరూ చేసేదే" అన్నప్పుడు ఆయన మనసులో ఇదే ఉందేమో కూడా, చాలా ఏళ్లుగా చేతితో గ్రాఫులు తీయని పెద్దవారికి ఈ తేడా మసకబారడం అసంభవం కాదు. కానీ గ్రాఫులో ఒక్క ముక్కను మాత్రమే, అదీ మీ వాదనకు అడ్డొస్తున్న ముక్కను మాత్రమే నున్నగా చేయడం డేటాను మార్చడమే, దానికి ఇంకో పేరు లేదు. పైగా అది దాగదు కూడా. మిగతా గ్రాఫు అంతా సన్నటి ముళ్లలా నాయిస్ ఉండి, 27కీ 29కీ మధ్య మాత్రం అలికిన గోడలా నున్నగా ఉంటే, అలవాటున్న కంటికి వెంటనే తెలిసిపోతుంది. పరిశోధన పేపర్లను చర్చించే పబ్‌పీర్ వెబ్‌సైట్ లాంటి చోట్ల పాత పేపర్ల గ్రాఫులను పెద్దవి చేసి ఇలాంటివి పట్టుకునేవారు ఉన్నారు. మార్చని అసలు ఫైల్, అంటే రా ఫైల్, యంత్రం కంప్యూటర్‌లో తేదీతో సహా ఉండిపోతుంది. 20 నుంచి కాకుండా 30 డిగ్రీల నుంచి గ్రాఫు మొదలుపెడదామని ఎవరైనా సలహా ఇచ్చినా ఒప్పుకోకండి. బిస్మత్ ఫెర్రైట్‌కు 22 డిగ్రీల పైచిలుకు దగ్గర తప్పక ఉండాల్సిన పీక్ ఒకటుంది, అది లేని గ్రాఫు చూడగానే పరీక్షకుడు దేన్ని దాచారని అడుగుతాడు.

పర్యవసానాలు ఎవరి మీద పడతాయన్నది కూడా చూడండి. పద్నాలుగు నెలల తర్వాత ఆయన పింఛను తీసుకుంటూ ఉంటారు. ఆ పేపర్ మొదటి పేరు మీది, ఆ థీసిస్ మీది, మరో ముప్పై ఏళ్లు ఈ రంగంలో బతకాల్సింది మీరు. అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో రంగా డయాస్ బృందం లుటీషియం హైడ్రైడ్ మీద 2023 మార్చిలో నేచర్ పత్రికలో ప్రచురించిన పేపర్‌ను, డేటా మీద సందేహాలతో అదే ఏడాది నవంబరులో వెనక్కి తీసుకున్నారు. పదకొండు మంది రచయితల్లో ఎనిమిది మంది, ఆయన దగ్గర చదివిన విద్యార్థులతో సహా, వెనక్కి తీసుకోమని పత్రికను కోరారు. గురువు పేపర్ మీద ఉన్న తమ పేరు గురించి అలాంటి ఉత్తరం రాయాల్సి రావడం ఆ పిల్లలకు ఎంత నరకమై ఉంటుందో ఊహించండి. పేపర్ పంపకముందే ఆగగలిగే స్థితిలో మీరున్నారు.

ఇక కాలం. మీ ఉత్తరంలో మూడు గడువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి, నిజానికి అవి వేర్వేరు. మీ రిజిస్ట్రేషన్ గడువు మొదటిది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్లు, మళ్లీ రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు అదనంగా ఇంకో రెండేళ్లు, అంటే పదేళ్ల వరకు అవకాశం ఉంది. అంతకాలం లాగమని నేను అనడం లేదు, గొంతు మీద కత్తి లేదని మాత్రమే చెబుతున్నాను. రెండోది సార్ పదవీ విరమణ. అదే నిబంధనల ప్రకారం, రిటైరైన తర్వాత కూడా ఆయన అప్పటికే రిజిస్టరైన విద్యార్థులకు కో-గైడుగా 70 ఏళ్ల వయసు వరకు కొనసాగవచ్చు. విభాగంలో మరొకరు గైడుగా వస్తారు. "నేను రిటైరయ్యేలోపు" అన్న మాట ఆయన ఆదుర్దాయే తప్ప చట్టం కాదు. థీసిస్ సమర్పించే ముందు పేపర్ అచ్చు కావాలన్న జాతీయ షరతును కూడా 2022లో ఎత్తేశారు. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఆ షరతు పెట్టుకుందేమో ఆర్డినెన్స్ తెచ్చి చూసుకోండి, ఆఫీసులో గుమస్తాలు చెప్పే మాట మీద ఆధారపడకండి. నిజంగా కొరత వచ్చేది మూడోది, మీ ఫెలోషిప్. జేఆర్‌ఎఫ్ తర్వాతి దశ అయిన ఎస్‌ఆర్‌ఎఫ్ కింద నెలకు 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం, ఏడు నెలల తర్వాత ఉండవు. ఈ ఏడు నెలల్లో కొలతల పని ముగించగలిగితే, రాసే పని ఉద్యోగం చేసుకుంటూ కూడా చేయవచ్చు. అందుకే పై ప్రయోగాన్ని ముందు చెప్పాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది సార్ చెప్పినట్లు చేయడం. ఏడు నెలల్లో సబ్‌మిషన్ అయిపోవచ్చు, వైవా కూడా సాఫీగా జరగవచ్చు. ఆ తర్వాత మీరు ఎక్కడ పనిచేసినా ఆ గ్రాఫు మీతో వస్తుంది. రేపు మీ దగ్గరికో విద్యార్థి వచ్చి "మేడమ్, మీ పేపర్‌లో ఉన్న విలువ నాకు రావడం లేదు" అంటే ఏం చెబుతారో ఆలోచించుకోండి. ఈ దారి ఎంచుకోవద్దని నా అభిప్రాయం, దాన్ని దాచడం లేదు. కానీ ఇంటి పరిస్థితి తెలిసిన మనిషిగా ఆ ఒత్తిడిని తేలిక చేసి మాట్లాడలేను.

రెండోది, నాకు అన్నిటికన్నా ఆశ ఉన్నది, ఆయనతోనే కలిసి థీసిస్ దిశ మార్చడం. ఇంతవరకు మీరు ఆయన దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ "సార్, రావడం లేదు" అనే మాటతో వెళ్లినట్లున్నారు. అది విన్నప్పుడు ఆయనకు తన ల్యాబ్ పరువు, పాత విద్యార్థిని ఉద్యోగం, తాను రాసిన ప్రాజెక్టు ప్రతిపాదనలు, అన్నీ కళ్ల ముందు కదులుతాయి. ఈసారి ఇంకోలా వెళ్లండి. సాయంత్రం ల్యాబ్ ఖాళీ అయ్యాక, రెండు పద్ధతుల ఎక్స్‌ఆర్‌డీలనూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి, అయస్కాంతత్వాన్ని చూపే ఎం-హెచ్ గ్రాఫులను పక్కన పెట్టి ప్రింట్ తీసుకుని వెళ్లండి. 76 ఈఎంయూ లెక్కను చేత్తో రాసి చూపండి. "తయారీ పద్ధతి వల్ల అయస్కాంతత్వం ఎందుకు మారుతోందో చెప్పే పేపర్ మనం రాయవచ్చు సార్, ఈ ఒక్క కొలతకు దరఖాస్తు మీద సంతకం పెట్టండి, దాని ఫలితం వచ్చాక ఏం చేయాలో మీరే చెప్పండి" అని అడగండి. తాను తప్పు చేశానని ఆయన చేత ఒప్పించడం మీ పని కాదు, సంతకం తెచ్చుకోవడమే మీ పని. సొంత డబ్బుతో హీటింగ్ ఎలిమెంట్ తెప్పించిన మనిషిలో ప్రయోగం మీద ప్రేమ ఇంకా మిగిలే ఉంటుంది. రిటైరయ్యే ముందు తన ల్యాబ్ నుంచి ఒక నిజాయితీ గల పేపర్ రావడం ఆయనకూ గౌరవమే. ఆ రోజు రాత్రే, మాట్లాడిన విషయాలు క్లుప్తంగా, మర్యాదగా ఒక మెయిల్‌లో ఆయనకు పంపండి. అది నమ్మకం లేక పంపే మెయిల్ కాదు, పరిశోధనలో ఉండాల్సిన అలవాటే. రేపు ఎవరైనా ఎప్పుడేం జరిగిందని అడిగితే అదే మీకు ఆధారం.

ఆయన ససేమిరా అంటే మూడో దారి, మీ పరిశోధన సలహా సంఘం, ఆర్‌ఏసీ. ప్రతి సెమిస్టర్ మీరు దాని ముందు పని వివరించాలని నిబంధన ఉంది. చాలా విభాగాల్లో అది టీ, బిస్కెట్లు, సంతకాలతో ముగిసిపోతోందని తెలుసు, అయినా దాన్ని నిజంగా వాడుకునే హక్కు మీది. అక్కడ ఎవరి మీదా ఆరోపణ చేయకండి. రెండు గ్రాఫులూ చూపి, "మాలిన్యం ఉందేమో తేల్చడానికి ఈ కొలత అవసరమని నా ఉద్దేశం" అని సాంకేతిక ప్రశ్నగా పెట్టండి. సంఘం ఆ కొలతను సిఫారసు చేసి మినిట్స్‌లో రాస్తే, మీకూ గైడు గారికీ మధ్య ఉన్న పేచీ శాస్త్ర విషయంగా మారిపోతుంది, ఆయనకు కూడా మెట్టు దిగడానికి గౌరవంగా వీలు దొరుకుతుంది. దీని నష్టం ఏమిటంటే, ముందుగా చెప్పకుండా అక్కడ చూపితే ఆయన దాన్ని నలుగురిలో అవమానంగా తీసుకుంటారు. కాబట్టి మీ స్లైడ్లు రెండు రోజుల ముందే ఆయనకు ఇవ్వండి.

గైడును మార్చుకోవడం గురించి తొందరపడవద్దు. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు అనే పరిమితిలో విభాగంలో ఎవరి దగ్గరైనా ఖాళీ ఉండాలి, ఇప్పటి గైడు అభ్యంతరం లేదని రాసివ్వాలి, కొత్తవారు మీ పదార్థంతో పరిచయం ఉన్నవారై ఉండాలి. ఎలాగూ ఆయన రిటైరయ్యాక మరో గైడు రావాల్సిందే కదా, ఆ మార్పును ఇప్పుడే కో-గైడు రూపంలో మొదలుపెట్టమని ఆయన్నే అడగడం తేలిక. అది తిరుగుబాటుగా కనిపించదు, కాగితాల మీద ముందుజాగ్రత్తగా కనిపిస్తుంది. పైగా రెండో మనిషి డేటా చూడటం మొదలుపెడతారు.

ఫిర్యాదు సంగతి. 2018 యూజీసీ నిబంధనల కింద విభాగ స్థాయిలో, సంస్థ స్థాయిలో నైతికతా సంఘాలు ఉండాలి, కానీ ఆ నిబంధనలు ప్రధానంగా కాపీ కొట్టడాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. గ్రాఫులు మార్చడం గురించి మీరు వెళితే, అది తమ పరిధిలోకి వస్తుందా రాదా అనే చర్చతోనే నెలలు గడిచిపోవచ్చు. పైగా ఇంతవరకు జరిగింది ఒక నోటిమాట. మార్చిన గ్రాఫు ఇంకా ఎక్కడికీ వెళ్లలేదు. ఈ దశలో ఫిర్యాదు చేస్తే ల్యాబ్ రెండుగా చీలి, మీ కొలతలే ఆగిపోతాయి. అయితే ఒక గీత ఉంది. మీ పేరుతో మార్చిన గ్రాఫు ఉన్న పేపర్‌ను మీ ఒప్పుకోలు లేకుండా పంపితే మాత్రం మౌనంగా ఉండకూడదు. చాలా పత్రికలు పేపర్ అందగానే రచయితలందరికీ మెయిల్ పంపుతాయి. అది రాగానే, మీ పేరు తీసేయమనీ ఆ గ్రాఫు మీ రా డేటాతో సరిపోలడం లేదనీ ముందు గైడు గారికి, ఆయన వినకపోతే సంపాదకుడికి రాతపూర్వకంగా చెప్పాలి. అన్నం పెట్టిన చెయ్యి అన్నారు. ఆయన చేసిన మేలుకు మీరు రుణపడి ఉన్నారు, నిజమే. ఆ రుణం ఆయన పేరును మరో తప్పుడు గ్రాఫు కిందకు చేర్చడం ద్వారా తీరేది కాదు.

ఈలోగా మీ రా ఫైళ్లను, ల్యాబ్ నోట్‌బుక్ పేజీల ఫోటోలను తేదీలతో సహా మరోచోట కూడా భద్రపరచుకోండి. అసలు నోట్‌బుక్ ల్యాబ్ ఆస్తి, దాన్ని ఇంటికి తీసుకెళ్లకండి. శాంపిళ్లలో కొంత పొడిని రెండు పద్ధతులవీ విడివిడిగా సీసాల్లో వేసి, తయారీ తేదీ రాసి, తేమ తగలని డెసికేటర్‌లో ఉంచండి. ఆర్నెల్ల తర్వాత ఇందోర్‌లో స్లాట్ దొరికినప్పుడు మళ్లీ నూరుతూ కూర్చునే సమయం ఉండదు.

చదువు వదిలేయడం అనే దారిని మీరు సిగ్గుపడుతూ రాశారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒక విషయం మీకు తెలిసే ఉంటుంది గానీ ఆందోళనలో మరిచిపోయినట్లున్నారు. 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి నెట్ లేదా సెట్ కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. జేఆర్‌ఎఫ్ వచ్చిన మీకు ఆ అర్హత ఎప్పటినుంచో ఉంది. అంటే జూనియర్ కళాశాల ఒక్కటే మీకు మిగిలిన గుమ్మం కాదు, డిగ్రీ కళాశాలల నోటిఫికేషన్లకు ఈ రోజే దరఖాస్తు చేయవచ్చు. ఉద్యోగం వస్తే, మీ విశ్వవిద్యాలయం అనుమతిస్తే, మిగిలిన పనిని పార్ట్‌టైమ్‌గా మార్చుకునే వీలు 2022 నిబంధనల్లో ఉంది, పనిచేసే చోటి నుంచి అనుమతి పత్రం కావాలి. నాన్నగారితో ఈ లెక్క కూర్చుని మాట్లాడండి. "ఫెలోషిప్ ఆగితే చదువూ ఆగిపోతుంది" అన్న భయంతో ఇంట్లోవాళ్లు సంబంధాలకు తొందరపడుతూ ఉండవచ్చు. ఆదాయం ఆగదని తెలిస్తే ఆ తొందర కొంత తగ్గుతుంది. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సి వచ్చినా, మహిళా పరిశోధకులు తమ డేటాతో సహా వేరే విశ్వవిద్యాలయానికి బదిలీ కావడానికి ఆ నిబంధనలు వీలు కల్పించాయి. సంబంధం మాట్లాడేటప్పుడే ఈ విషయం అవతలివారికి తెలియడం మంచిది.

మిగిలింది మీ సీనియర్. ఆవిడ కావాలని తప్పు చేశారని అనుకోవడానికి మీ ఉత్తరంలో ఆధారమేమీ లేదు. అప్పటి మీ విభాగపు యంత్రంలో ఆ పీక్ నాయిస్‌లో కలిసిపోయి ఉండవచ్చు. ఉష్ణోగ్రత కొలత ఫలితం వచ్చేదాకా ఆవిడకు ఏమీ చెప్పకండి, ఎవరి దగ్గరా ఆవిడ ప్రస్తావన తేకండి. ఫలితం వచ్చి, అది ఇనుప ఆక్సైడే అని తేలితే, గైడు గారికి చెప్పాక, పేపర్ పంపకముందే, ఆవిడకు ఫోన్ చేసి గ్రాఫులు పంపండి. పత్రికకు సవరణ పంపాలా అన్నది ఆవిడా సారూ కలిసి తేల్చుకోవాల్సిన విషయం. తనంత తానుగా సవరణ పంపినవారిని ఈ రంగంలో ఎవరూ చిన్నచూపు చూడరు, మరొకరు పట్టుకున్నప్పుడే ఇబ్బంది. ఆవిడ కోప్పడవచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. ఆవిడ నుంచి జవాబు వచ్చినా రాకపోయినా, మీ థీసిస్‌లో పాత పేపర్‌ను ప్రస్తావించే చోట మూడు వాక్యాలు చాలు: ఆ శాంపిల్ ఏ పద్ధతిలో చేశారు, అదే పద్ధతిలో మీరు చేసిన శాంపిల్‌లో ఏం కనిపించింది, 370 డిగ్రీలు దాటాక ఏం కొలిచారు.